ఊపిరి దొంగ

ఎడిటింగ్ గది, స్టూడియో రెండో అంతస్తు

అక్కకు,

ఫోన్ చేస్తే నువ్వు అరుస్తావు. ఉత్తరమైతే కుదురుగా కూర్చుని తిడతావు. అందుకే రాస్తున్నాను. పైగా సినిమా చేతిలో ఉన్నన్నాళ్ళూ నేను ఫోన్ ముట్టనన్న సంగతి పేపర్లవాళ్ళకే తెలుసు, నీకు తెలియకపోదు.

షూటింగ్ అయిపోయింది. గత రెండు సినిమాలూ బోల్తా కొట్టాక 'ఊపిరి దొంగకే ఊపిరాడటం లేదు' అని రాసిన విమర్శకుడు ఉన్నాడు చూడు, ఈసారి ఆ మాట వాడే మింగాలి. దర్జీ సినిమా గుర్తుందిగా? తన అన్నను చంపినవాడికే దర్జీ కోటు కొలతలు తీస్తుంటాడు. ఆ సంగతి మనకు తెలుసు, కోటువాడికి తెలియదు. టేపు మెడ చుట్టూ వచ్చిన ప్రతిసారీ హాల్లో ఒక్కడూ దగ్గేవాడు కాదు. దాంతోనే కదా నాకు ఊపిరి దొంగ అని పేరు పెట్టారు. ఇది ఆ సినిమాకు తాత అవుతుంది, చూస్తూ ఉండు.

నీ కూతురు మేలిమి బంగారం. ఇదే తన మొదటి సినిమా అంటే ఎవరూ నమ్మరు. నాటకాల్లో వేషాలు వేసుకునే పిల్లను నమ్మి నా చేతుల్లో పెట్టావు, ఆ మాట మరిచిపోను.

ఒక్క చిన్న పని పడింది. నేలమాళిగ సీను ఉంది. అమ్మాయి లోపల చిక్కుకుంటుంది, నీళ్ళ పైపు పగులుతుంది, పైగదిలో తండ్రి రేడియో పెట్టుకుని కూర్చుంటాడు. అరిచినా వినపడదు. ఆ సీనులో మోటారు రొద వల్ల సౌండు పాడైంది. పిల్లేమో గొంతు పట్టేసి మీ ఇంటికి వచ్చేసింది, ఇంకా తగ్గలేదంటున్నారు. మీ ఇద్దరి గొంతూ ఒకటే కదా, ఫోన్లో ఎవరు మాట్లాడుతున్నారో నాకే తెలియదు. ఓ పూట డబ్బింగ్ థియేటర్‌కు వచ్చి 'నాన్నా, నాన్నా' అని పిలిచి వెళ్ళు. రోజూ రేడియోలో వార్తలు చదివేదానివి, నీకిది చిటికెలో పని. విడుదల తేదీ ప్రకటించేశారు, ఆలస్యం చేయకు.

తమ్ముడు


రేడియో స్టేషన్, వార్తల గది

తమ్ముడికి,

ఉదయం వార్తలు చదివేశాను. మళ్ళీ ఎర్రలైటు వెలిగేవరకూ ఈ గదిలో నన్ను కదిపేవాళ్ళు లేరు. ఇంట్లో రాస్తే పిల్ల చూస్తుంది.

గొంతు పట్టేసిందని నీకు ఎవరు చెప్పారు? డాక్టరుకు చూపించాను. గొంతులో ఏ దోషమూ లేదన్నాడు. అయినా పిల్ల మాట్లాడటం లేదు. మరీ అవసరమైతే గుసగుసగా ఒక మాట అంటుంది, లేదంటే తల ఊపుతుంది. బాత్రూమ్ గడియ పెట్టుకోదు. పడకగది తలుపు మూసుకుపోకుండా కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకుంటుంది. మొన్న వంటగదిలో బిందె కింద పంపు తిప్పి పక్కింటావిడతో మాటల్లో పడ్డాను. బిందె నిండి నీళ్ళు పొర్లే చప్పుడుకు పిల్ల గదిలోంచి పరుగెత్తుకొచ్చి, పంపు కట్టేసి, అక్కడే గట్టుకు ఆనుకుని నిలబడిపోయింది. ఏమైందని అడిగితే తల అడ్డంగా ఊపింది.

ఇన్నేళ్ళుగా వార్తలు చదువుతున్నాను. పైవాళ్ళు కొట్టేసిన వాక్యం ఎక్కడుందో కాగితం చూడగానే తెలిసిపోతుంది. ముందుమాటకూ వెనకమాటకూ అతుకు కుదరదు. నీ ఉత్తరం అలాగే ఉంది. అంత పొగిడావు, అంత తొందరపడ్డావు, మధ్యలో పిల్లకు ఎలా ఉందని ఒక్క ముక్క అడగలేదు.

నీళ్ళు నమలకుండా చెప్పు. ఆ రోజు ఏం జరిగింది?

అక్క


ఎడిటింగ్ గది

అక్కా,

నువ్వు కొంచెం ఎక్కువ చేస్తున్నావు. కొత్త నటి, మొదటి సినిమా, అలసట. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. స్టూడియో ఫ్లోర్లో నేలమాళిగ కట్టాం. మూడువైపులా గోడ, నాలుగోవైపు దళసరి గాజు. గాజు ఇవతల కెమెరా, దాని పక్కన నేను. వాల్వు దగ్గర నీళ్ళ మేస్త్రీ. నేను చెయ్యెత్తితే అతను కట్టేస్తాడు. నీళ్ళు ఛాతీ వరకూ అనుకున్నాం, కాస్త పైకి వచ్చాయి. షాటు అయింది, తీశాం, తువ్వాలు కప్పాం, టీ ఇచ్చాం. ఇంతే జరిగింది.

నా పద్ధతి నీకు కొత్తా? చూసేవాడికి అన్నీ చెప్పాలి, నటించేవాడికి ఏమీ చెప్పకూడదు. నా సినిమాలన్నీ ఈ ఒక్క ముక్క మీద నిలబడ్డాయి. మందులషాపు సినిమాలో ఏ సీసాలో విషం ఉందో హాలంతా ఎరుగును, సీసా ఎత్తి తాగిన నటికి మాత్రం నేను చెప్పలేదు. నిజంగానే చేదు మందు పోయించాను. ఆ ముఖం చూసే ఆమెకు బహుమతి ఇచ్చారు. లిఫ్టు సినిమాలో హీరో గాల్లో వేలాడిన షాటుకు తాడు జారుతుందని అతనికి చెప్పలేదు. ఆ రోజు నన్ను బూతులు తిట్టాడు. ఇప్పుడు ప్రతి ఇంటర్వ్యూలో ఆ షాటు గురించే చెప్పుకుంటాడు. నటించిన భయం కెమెరాకు పనికిరాదక్కా. జనం ఇట్టే పట్టేస్తారు.

నీ కూతురూ రేపు ఇలాగే చెప్పుకుంటుంది. నువ్వు మాత్రం వెంటనే వచ్చి ఆ నాలుగు పిలుపులూ పిలిచి వెళ్ళు.

తమ్ముడు


ఇల్లు, వంటగది బల్ల దగ్గర

ఒరేయ్,

పిల్ల నోరు విప్పింది. నీ ఉత్తరం దాని ముందు పెట్టాను. 'కాస్త పైకి వచ్చాయి' అన్నచోట వేలు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత చెప్పింది. నువ్వు కొట్టేసిన వాక్యాలన్నీ ఒక్కొక్కటే చెప్పింది.

తలుపుకు దారం కడతాం, తోస్తే తెగుతుంది అన్నావట. బయట ఇనుప గడియ వేయించావు. నీళ్ళు ఛాతీ దగ్గర ఆగుతాయన్నావట. గడ్డం దాటాయి. మునివేళ్ళ మీద నిలబడి, తల వెనక్కి వాల్చి, పైకప్పు చూస్తూ గాలి పీల్చుకుందిరా నా కూతురు. ఇవన్నీ ఒకెత్తు. సీనులో 'నాన్నా' అని పిలవాలి, నిజంగా భయమేస్తే మాత్రం 'మామయ్యా' అని పిలు, ఆ క్షణమే ఆపేస్తానని మాట ఇచ్చావట. తల మీద చెయ్యి పెట్టి మరీ చెప్పావట. పిలిచింది. నోట్లోకి నీళ్ళు పోతున్నా పిలిచింది. పిలిచి ఏం చూసిందో దాని మాటల్లోనే విను.

"మామయ్య గాజు అవతల నన్నే చూస్తున్నాడమ్మా. పిలవగానే ముందుకు వంగాడు. హమ్మయ్య, ఆపమని చెప్పడానికి లేస్తున్నాడు అనుకున్నా. కెమెరాలోంచి చూడటానికి వంగాడు."

ఇంత చెప్పి వెళ్ళి కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకుంది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో ఇన్నాళ్ళూ మాటగానే తెలుసు. పరాయివాడైతే పిల్ల ఆ గదిలోకి దిగేది కాదు. మామయ్య ఉన్నాడని దిగింది. ఆ నమ్మకాన్నే వాడుకున్నావు.

పైగా నన్ను రమ్మన్నావు. దాని పిలుపును తుడిచేసి, అదే గొంతుతో ఉన్న తల్లిచేత వేరే పిలుపు అతికించాలనుకున్నావు. నాకూ ఏమీ చెప్పలేదు. నన్నూ నీ నటిని చేశావన్నమాట. నీ పద్ధతి చల్లగుండ.

ఇక నా మాట విను. ఆ షాటు సినిమాలో ఉండకూడదు. ఒక్క ముక్క కూడా. పిల్ల అడిగింది కూడా అదొక్కటే. ఎవరో తెలియని జనం టికెట్టు కొనుక్కుని తన ప్రాణభయాన్ని చూడటం తనకిష్టం లేదంది. తీసెయ్.

అక్క


ఎడిటింగ్ గది

అక్కా,

తీయను.

ఉన్న మాటే చెబుతున్నాను. విన్నాను. 'మామయ్యా' అని పిలవడం విన్నాను. మోటారు రొద అబద్ధం. మేస్త్రీ నా చేతికేసి చూస్తున్నాడని తెలుసు. ఇంకొక్క క్షణం, ఇంకొక్క క్షణం అనుకుంటూ ఉండిపోయాను. నా కళ్ళముందు ఇన్నేళ్ళూ నేను వెతికిన ముఖం ఉంది. గాజు పగలగొట్టడానికి ఇద్దరిని సుత్తులతో నిలబెట్టాను. దానికి ఏమీ కాదని నాకు తెలుసు. నేను హంతకుణ్ణి కాదు.

నువ్వేమో నన్ను రాక్షసుణ్ణి చేసి మాట్లాడుతున్నావు. నా సినిమాలు చూసి గర్వపడలేదా? మీ స్టేషన్లో అందరికీ మా తమ్ముడు, మా తమ్ముడు అని చెప్పుకోలేదా? ఆ లిఫ్టు తాడు సంగతి పేపర్లో చదివినప్పుడు పడీపడీ నవ్వావు. అప్పుడు వేలాడినవాడు ఎవరి కొడుకో కాబట్టి నవ్వొచ్చింది. ఇప్పుడు నీ కూతురయ్యేసరికి నీతులు గుర్తొచ్చాయి.

ఇంకో సినిమా పోతే నన్ను ఈ గదిలోకి కూడా రానివ్వరు. నా వయసులో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టలేను. ఈ షాటు నన్ను నిలబెడుతుంది. ఎడిటరు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. వాడు అంత తేలిగ్గా లేచే మనిషి కాదు.

ఒక్కసారి వచ్చి చూడు. తెర మీద చూశాక కూడా తీసెయ్యమంటే అప్పుడు మాట్లాడదాం. థియేటర్లో సౌండు ఇంజనీరుకు చెప్పి ఉంచుతాను. నేను అక్కడ ఉండను. నువ్వు నా ముఖం చూడక్కర్లేదు.

తమ్ముడు


రేడియో స్టేషన్, వార్తల గది

తమ్ముడికి,

వెళ్ళాను. చూశాను.

ముందు నీ ఎత్తిపొడుపుకు జవాబు. అవును, లిఫ్టు సంగతికి నవ్వాను. ఆ నటుడు కనబడితే ఇవాళ నవ్వలేను. దాన్ని అడ్డం పెట్టుకుని నువ్వు దాక్కోకు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. పిల్లి అక్క కూడా నవ్విందని ఎలుకకు ప్రాణం తిరిగిరాదు.

డబ్బింగ్ ఎలా చేస్తారో నాకు తెలియదు. గోడలకు మెత్తలు, మధ్యలో మైకు, ఎదురుగా చిన్న తెర. మా స్టూడియోలాగే ఉందనుకున్నాను. తీరా దీపాలు ఆర్పాక తెలిసింది, మాట పెదాలకు కుదిరేవరకూ అదే ముక్కను తిప్పి తిప్పి వేస్తారట. నా కూతురు ఒక్కసారి మునిగింది కదరా. నా ముందు మళ్ళీ మళ్ళీ మునిగింది. అయిపోయిందనుకునేలోగా నీళ్ళు మళ్ళీ నడుము దగ్గర మొదలయ్యేవి.

సౌండు ఇంజనీరు పాపం మర్యాదస్తుడు. మొదటిసారి నేను 'నాన్నా' అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు, చదవమన్నది చదివే అలవాటు. అతను ఆపి, కుదరడం లేదు మేడమ్, అక్కడ పెదాలు రెండుసార్లు మూసుకుంటున్నాయి, ఈ మాటకు మూసుకోవు అన్నాడు. డైరెక్టరుగారికి చెప్తే ఎవరూ పట్టించుకోరు పొమ్మన్నారని నసిగాడు. పెదాలు ఏమంటున్నాయో అతను చెప్పక్కర్లేకపోయింది. నేను కన్నతల్లిని.

ఇంకొకటి చూశాను. షాటు చివర్లో పిల్ల ముఖం మీద తెల్లటి మెరుపులు వచ్చాయి. తర్వాత తెరంతా తెల్లబడిపోయింది. అదేమిటని అడిగాను. కెమెరాలో రీలు అయిపోయిందన్నాడు. ఇంకొక్క క్షణం, ఇంకొక్క క్షణం అని రాశావు. నువ్వు ఆపలేదురా. రీలు అయిపోయి ఆగింది. ఇంకో వంద అడుగుల ఫిల్ము ఉంటే నీ చెయ్యి ఎప్పుడు లేచేదో నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ మాట అనుకున్నప్పటినుంచీ నిన్ను తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది.

మళ్ళీ వేయమన్నాను. ఈసారి పెదాల మీద ఉన్నదే పిలిచాను. 'మామయ్యా.' అది పిలిచిన ప్రతిచోటా పిలిచాను, నీళ్ళు మింగిన చోట మింగాను. ఇంజనీరు కళ్ళజోడు తీసేసి కూర్చున్నాడు. అన్నీ అచ్చంగా కుదిరాయి. రికార్డు చేసి నీకు పంపమన్నాను, చేరే ఉంటుంది.

షాటు ఉంచుకుంటావా? ఉంచుకో. అయితే ధైర్యముంటే ఆ మాటతోనే ఉంచు. అది ఎవర్ని పిలిచిందో, ఎవరు వినీ కదల్లేదో జనం మొత్తం వినాలి. చూసేవాడికి అన్నీ చెప్పాలన్నది నువ్వే.

అక్క


ఎడిటింగ్ గది

అక్కా,

నీ పంతమే నెగ్గింది.

నువ్వు చెప్పిన సౌండు వేసి చూశాను. ఒక్కసారే చూశాను. తర్వాత వేరే డబ్బింగ్ ఆవిడను పిలిపించి 'నాన్నా' అనిపించాను. చక్కగా అంది. అయినా నాకు వినపడటం లేదు. ఆ పెదాలు మూసుకున్నప్పుడల్లా నువ్వు పిలిచిందే వినపడుతోంది. ఎడిటరుకు మాత్రం ఏ తేడా లేదట. సౌండు తీసేసి మూగగా వేసినా నాకు అదే. నా జీవితంలో తీసిన గొప్ప షాటు, నేనే కూర్చుని చూడలేకపోతున్నాను.

తీసేశాను. మొత్తం. ఆ చోట మూసిన తలుపు పెట్టాను. సెట్టు విప్పక ముందు ఓ పూట వెళ్ళి తలుపు ఒక్కటీ బయటినుంచి తీసుకున్నాను. కింద సందులోంచి నీళ్ళు వస్తాయి, అంతే. సినిమాకు గుండె లేకుండా పోయింది. నిర్మాత మొహం చూడాల్సింది. ఇది కూడా పోతే మీ ఊళ్ళో ఏదైనా పని చూడు నాకు, వార్తలకు టైము చెప్పే పనైనా సరే.

నెగిటివ్‌లో ఆ ముక్కను ల్యాబులో నా ఎదురుగానే కాల్పించాను. పిల్లకు చెప్పు. ఇక కోపం తగ్గించుకో అక్కా. విడుదలయ్యాక ఇంటికి వస్తాను.

తమ్ముడు


ఇల్లు, ముందుగది

తమ్ముడికి,

నీ ఉత్తరం పిల్లకు చదివి వినిపించాను. కాల్చేశారా అని రెండుసార్లు అడిగింది. అవునన్నాను. ఆ రోజు అన్నం కాస్త ఎక్కువ తిన్నది. గొంతు మెల్లగా వస్తోంది. నాటకాలవాళ్ళు కబురు చేస్తే, వెళ్ళి వెనక వరసలో కూర్చుని రిహార్సల్ చూసి వచ్చింది. వేషం వేస్తావా అంటే ఇప్పుడే కాదంది. కుర్చీ మాత్రం ఇంకా తలుపు దగ్గరే ఉంది.

సినిమా నేనొక్కదాన్నే చూశాను, మధ్యాహ్నం ఆటకు. హాలు నిండిపోయింది. పేపర్లన్నీ నిన్ను ఆకాశానికెత్తుతున్నాయి. నీ విమర్శకుడు తన మాట మింగడమే కాదు, ఆ తలుపు షాటు మీద ఒక పేజీ రాశాడు. ఇలాంటిది ఊపిరి దొంగ తప్ప ఎవరూ తీయలేరట. మా స్టేషన్లోనూ అందరూ అదే మాట. నాకు అభినందనలు చెబుతున్నారు.

అబద్ధం చెప్పను. షాటు గొప్పగా ఉంది. మూసిన తలుపు. పైనుంచి రేడియో పాట. తలుపు కింద తడి మొదలై, మెల్లగా నేల మీదికి పాకి మనవైపు వస్తుంది. లోపలినుంచి ఒక్క చప్పుడూ లేదు. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి చెప్పులు వదిలి కాళ్ళు సీటు మీదికి ముడుచుకున్నాడు. కాసేపటికి చూసుకుంటే నేనూ ముడుచుకునే ఉన్నాను. అన్నీ తెలిసిన నాకే ఊపిరాడలేదు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. అప్పుడు వచ్చింది అసలు కోపం. ఇంతకు ముందుది దీని ముందు ఎందుకూ కొరగాదు.

ఆ తలుపు వెనక ఎవరూ లేరు కదరా. ఒక పంపు, ఒక మేస్త్రీ. అంతే కదా నీకు కావలసింది. జనం భయపడ్డారు, ఊరంతా చప్పట్లు కొట్టింది, నీ గది నీకు దక్కింది. నటించిన భయం పనికిరాదన్నావు, నిజమైనదే కావాలన్నావు. తీరా చూస్తే నటించినదీ అక్కర్లేదు, నిజమైనదీ అక్కర్లేదు. మనిషే అక్కర్లేదు. ఓ పూటలో తీశావు ఆ షాటు, అదీ ఏడుపు ముఖంతో. అదే పూట ముందే కేటాయించి ఉంటే నా కూతురు ఇవాళ గడియ పెట్టుకుని స్నానం చేసేది. దాని ప్రాణం సినిమాకు గుండె అన్నావు. అది లేకుండానే నీ సినిమా నిక్షేపంగా ఆడుతోంది. ఏ పనికీ రాని దానికోసం దాన్ని ముంచావు.

ఈ మాట పిల్లకు ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియక ఆగాను. తన భయం ఆ సినిమాకు నిజంగానే అవసరమైందని అనుకుంటోందేమో, కనీసం ఆ ఆసరా అయినా ఉంటుందేమో అని చూస్తున్నాను. కానీ పోస్టర్లు వీధివీధినా ఉన్నాయి. ఎన్నాళ్ళు దాస్తాను. రేపు ఆదివారం నేనే కూర్చోబెట్టి చెబుతాను. దాని దగ్గర ఏదైనా దాచడం నా వల్ల కాదు.

ఇంటికి వస్తానని రాశావు. తమ్ముడివి, రావద్దనే హక్కు నాకుందో లేదో తెలియదు. ఆ హక్కు దానికుంది. అందుకని ముందుగా ఉత్తరం రాయి, నాకు కాదు, దానికి. ఏ రోజు వస్తావో, ఎంతసేపు ఉంటావో, ఏం మాట్లాడాలనుకుంటున్నావో అన్నీ రాయి. ఒక్కటి కూడా దాచకు. చదువుకుని, అది రమ్మంటే రా.

వద్దంటే, ఆగు.

అక్క